మందుచీటీకి రంగుంటుందా?

(యూనియన్ సభ్యులు, వారి కుటుంబాల సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



యూనియన్ సమావేశం అంటే బోనస్, కరువు భత్యం, గ్రాట్యుటీ, పి.ఎఫ్. మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈ రోజు వాటిని కాసేపు పక్కన పెడుతున్నాం. ఈ రోజు గోలీల గురించి మాట్లాడదలచాం. జ్వరం గోలీ, నొప్పుల గోలీ కాదు. నిద్ర పట్టనివాడికి, బెదిరిపోయినవాడికి, తనలో తాను మాట్లాడుకునేవాడికి డాక్టర్లు రాసే గోలీ, వేసే సూది. "ఇది యూనియన్ పనేనా?" అని కొందరు అడిగారు. కార్మికుడి కూలి కోసం కొట్లాడే యూనియన్ కార్మికుడి మనసు కోసం కొట్లాడకూడదా అని మేము తిరిగి అడిగాం.

అసలు సంగతి ఎక్కడ మొదలైందో చెబుతాం. మన సభ్యుడొకాయన, పేరు చెప్పం, సాంచాల మీద రాత్రి షిఫ్టు చేసేవాడు. ఊళ్ళో తండ్రి చనిపోయాడు. దినం చేసి వచ్చిన దగ్గర్నుంచి నిద్ర లేదు, తిండి లేదు. భార్య భయపడి ఒక పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరుకు తెలుగు రాదు. మనవాడికి మరాఠీ మగ్గం దగ్గర పనికొచ్చేంతే వచ్చు, మనసులో మాట చెప్పేంత రాదు. వరుసలో నిలబడ్డ ఎవరో ఇద్దరి మధ్య మాట కలిపారు. మనవాడు "మా నాయన రోజూ వచ్చి మాట్లాడిపోతున్నాడు" అన్నాడు. ఆ మాట అవతలికి "చచ్చిపోయిన తండ్రి గొంతు వినిపిస్తోందట" అని చేరింది. బయట వరుస తలుపు దాకా ఉంది. మూడు నిమిషాల్లో చీటీ రాయడం అయిపోయింది.

రెండు వారాలకు ఆయన చేతులు బిగుసుకుపోయాయి. నడక మందగించింది. తెగిన పోగు ముడి వేయడానికి వేళ్ళు ఆడలేదు. జాబర్ చూసి "వీడు పిచ్చోడయ్యాడు" అని సాంచాల మీంచి దింపేశాడు. ఈ కథ ఎలా ముగిసిందో చివర చెబుతాం. ఆ రోజు నుంచి మాత్రం మాకొక ప్రశ్న పట్టుకుంది. జబ్బు ఒక్కటే, వైద్య గ్రంథం ఒక్కటే అయినప్పుడు, కుర్చీలో కూర్చున్న మనిషి ఎవరన్న దాన్ని బట్టి మందుచీటీ మారుతుందా?

మారుతుంది మిత్రులారా. దీని మీద లెక్కలు బాగా తీసిన దేశాలు అమెరికా, బ్రిటన్. అక్కడ దవాఖానా కాగితాల మీద రోగి ఏ జాతివాడో రాస్తారు కాబట్టి లెక్క తేలుతుంది. అక్కడి నల్లజాతి ప్రజల అనుభవం మనం ఎందుకు తెలుసుకోవాలంటే, వాళ్ళు తమకు జరిగిందాన్ని దాచుకోలేదు. బయటపెట్టారు, పోరాడారు, కొంత మార్చారు.

చరిత్రతో మొదలుపెడదాం. 1840లో అమెరికా జనాభా లెక్కలు తీసింది. బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాల్లోని స్వేచ్ఛా నల్లజాతివారిలో పిచ్చివాళ్ళు విపరీతంగా ఎక్కువని ఆ లెక్క చెప్పింది. బానిసల యజమానులు పండగ చేసుకున్నారు. స్వేచ్ఛ ఇస్తే నల్లవాడికి పిచ్చెక్కుతుంది, బానిసత్వమే వాడికి క్షేమం అని వాదించారు. ఎడ్వర్డ్ జార్విస్ అనే డాక్టర్ ఆ లెక్కలు తిరగేసి చూశాడు. కొన్ని ఊళ్ళలో ఉన్న నల్లవారి సంఖ్య కంటే పిచ్చి నల్లవారి సంఖ్యే ఎక్కువ! వూస్టర్ అనే పట్టణంలోని పిచ్చాసుపత్రిలో ఉన్న 133 మంది తెల్ల రోగులను నల్లవారి గడిలో రాసేశారు. తప్పని రుజువైనా యజమానులు ఆ లెక్కను వాడుకోవడం మానలేదు.

1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే మరో డాక్టర్ ఇంకో అడుగు ముందుకేశాడు. యజమాని దగ్గర్నుంచి బానిస పారిపోతున్నాడంటే అది ఒక మానసిక రోగం అన్నాడు. దానికి 'డ్రాపెటోమేనియా' అని పెద్ద పేరు పెట్టాడు. అది రాకుండా ఉండాలంటే కొరడా దెబ్బలు కూడా మందే అన్నాడు. ఆలోచించండి. మిల్లు గేటు దగ్గర నిలబడి న్యాయం అడిగినవాడిని "వీడికి మతి చెడింది" అనడం మనం వినలేదా? అడిగినవాడికి రోగం అంటగట్టడం పాత విద్య.

ఇది బానిసత్వంతో పోయిందనుకోకండి. 1960లలో అమెరికాలో నల్లజాతివారు పౌరహక్కుల కోసం వీధుల్లోకి వచ్చారు. 1968లో ఇద్దరు డాక్టర్లు అక్కడి పేరున్న వైద్య పత్రికలో 'నిరసన పిచ్చి' అన్న అర్థం వచ్చే పేరుతో వ్యాసం రాశారు. నల్లజాతి యువకుల ఆగ్రహాన్ని మనోవ్యాధి కింద లెక్కగట్టారు. అదే ఏడు వచ్చిన అక్కడి మానసిక వ్యాధుల పట్టిక రెండో కూర్పులో, స్కిజోఫ్రీనియాలోని అనుమాన రకం రోగి తరచు శత్రుభావంతో, దూకుడుగా ఉంటాడని రాశారు. మిషిగన్ రాష్ట్రంలోని అయోనియా అనే పిచ్చాసుపత్రి పాత ఫైళ్ళను జోనథన్ మెట్జల్ అనే డాక్టర్ తరువాత చదివాడు. అంతకు ముందు స్కిజోఫ్రీనియా అని రాసిన ఫైళ్ళలో తెల్ల ఆడవాళ్ళు ఎక్కువగా కనిపించారు. అరవైల నుంచి అదే పేరు డెట్రాయిట్ నుంచి వచ్చిన నల్లజాతి మగవాళ్ళ మీద పడసాగింది. 1974లో హాల్డాల్ అనే మందు ప్రకటన ఒకటి డాక్టర్ల పత్రికలో వచ్చింది. అందులో బొమ్మ ఏమిటో తెలుసా? పిడికిలి బిగించిన నల్లజాతి మనిషి! దూకుడు మనిషి ఈ మందుతో దారికొస్తాడని దాని సారాంశం. పిడికిలి బిగించడం మన యూనియన్‌కు గుర్తు. మందుల కంపెనీకి అది జబ్బు గుర్తు.

ఇక డాక్టర్ల తీర్పుల మీద జరిగిన పరిశీలనలకు వద్దాం. 1988లో మార్టీ లోరింగ్, బ్రయన్ పావెల్ అనే ఇద్దరు పరిశోధకులు 290 మంది మానసిక వైద్యులకు రోగుల వివరాలు పంపారు. రోగ లక్షణాలన్నీ ఒక్కటే. ఒక కాగితం మీద తెల్లవాడు అని, ఇంకో కాగితం మీద నల్లవాడు అని, అలాగే ఆడ, మగ మార్చి రాశారు. అవే లక్షణాలకు నల్లవాడు అని రాసిన కాగితాల మీద 'హింసకు దిగుతాడు', 'అనుమానపు మనిషి', 'ప్రమాదకరం' అన్న తీర్పులు ఎక్కువగా వచ్చాయి. డాక్టర్లంతా చెడ్డవాళ్ళు కాబట్టి ఇలా జరిగిందనుకోవద్దు. మనిషి మనసులో ముందే కూర్చున్న బొమ్మ చేతిలో కలాన్ని నడిపిస్తుంది.

మందుల సంగతి చూద్దాం. 2015 నుంచి 2018 దాకా అమెరికా ప్రభుత్వ సంస్థ జరిపిన సర్వేలో, గత 30 రోజుల్లో దిగులు తగ్గించే మందు వాడిన పెద్దవాళ్ళు ఎందరని అడిగారు. తెల్లవారిలో 16.6 శాతం. నల్లవారిలో 7.8 శాతం. లాటిన్ అమెరికా మూలాలవారిలో 6.5 శాతం. ఆసియా మూలాలవారిలో 2.8 శాతం. అక్కడి మన తెలుగువాళ్ళు కూడా ఈ చివరి లెక్కలోనే వస్తారు. తెల్లవారికి దిగులు ఎక్కువ, మిగిలినవారికి తక్కువ అని దీన్ని చదవకూడదు. బీమా లేక, భాష కుదరక, పరువు పోతుందన్న భయంతో, డాక్టర్ మీద నమ్మకం లేక చాలామంది ఆ గదిదాకానే పోరు. పోయినవారి దిగులు అందరిదీ ఒకేలా గుర్తించరు.

మరోవైపు భ్రమలు తగ్గించడానికి, మనిషిని నెమ్మదింపజేయడానికి ఇచ్చే బలమైన మందుల్లో లెక్క తిరగబడుతుంది. నెలకో, రెండు వారాలకో ఒకసారి వేసే సూదిమందు నల్లజాతి రోగులకు ఎక్కువగా రాస్తారని అమెరికాలో ఎన్నో పరిశీలనలు చెప్పాయి. గోలీ అయితే మనిషి తానే వేసుకుంటాడని నమ్మాలి. సూదికి ఆ నమ్మకంతో పనిలేదు. మేము చదివినదంతా ఒక్క మాటలో చెప్పాలంటే ఇదీ: అణగారినవాడికి అదుపు చేసే మందు ఎక్కువ, ఆదుకునే మందు తక్కువ.

దీనికి క్లోజపైన్ అనే మందు ఇంకో సాక్ష్యం. స్కిజోఫ్రీనియాకు వేరే మందులు పనిచేయనప్పుడు ఇచ్చే మందు ఇది. అమెరికాలో 1989లో అనుమతి వచ్చింది. ఇది వాడేవారి రక్తంలో ఒక రకం తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి తరచు రక్త పరీక్ష చేయాలి. కణాలు ఒక హద్దు కంటే తగ్గితే మందు ఆపాలి. ఆ హద్దు ఆఫ్రికా మూలాలవారిని మనసులో పెట్టుకొని గీసింది కాదు. వారిలో చాలామందికి ఏ జబ్బూ లేకుండానే పుట్టుకతో ఆ కణాలు కొంచెం తక్కువ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా కాగితం మీద హద్దు దాటినట్టు కనబడేవాడు. మంచి మందు దక్కేది కాదు, దక్కినా మధ్యలో ఆగిపోయేది. 2015లో గానీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ అలాంటివారికి వేరే హద్దు పెట్టలేదు. ఒకరి కొలత తీసి అందరికీ చొక్కా కుడితే ఏమవుతుందో బట్ట నేసే మనకు వేరే చెప్పాలా?

బ్రిటన్‌కు వద్దాం. 2023 మార్చితో ముగిసిన సంవత్సరంలో ఇంగ్లండులో మానసిక ఆరోగ్య చట్టం కింద బలవంతంగా దవాఖానాలో పెట్టిన ఘటనలు తెల్లవారిలో లక్ష జనాభాకు 64. నల్లవారిలో లక్షకు 228. అంటే మూడున్నర రెట్లు. బలవంతంగా పెట్టినవారికి మందు వద్దనే స్వేచ్ఛ కూడా తగ్గిపోతుంది.

ఈ అంకెల వెనక మనుషులున్నారు. డేవిడ్ బెన్నెట్ అనే 38 ఏళ్ళ నల్లజాతి మనిషి నార్విచ్ పట్టణంలోని ఒక మానసిక వైద్యశాలలో ఉండేవాడు. ఇక్కడ నల్లజాతి కుర్రాళ్ళు అరడజనుకు పైగా ఉన్నాం, మీ సిబ్బందిలో ఆఫ్రికా మూలాలవారు ఒక్కరూ లేరు, గమనించారా అని ఆయన అక్కడి అధికారికి ఉత్తరం రాశాడు. అది రోగి రాసిన ఉత్తరం. మన భాషలో చెప్పాలంటే అదొక డిమాండు పత్రం. 1998 అక్టోబర్ 30 రాత్రి మరో రోగి ఆయనను జాతి పేరెత్తి తిట్టాడు. గొడవ అయింది. వేరే వార్డుకు మార్చింది ఎవరిని? బెన్నెట్‌నే. అక్కడ ఆయన ఒక నర్సును కొట్టాడు. సిబ్బంది ఆయనను నేల మీద బోర్లా పడేసి సుమారు 25 నిమిషాలు అదిమి పట్టుకున్నారు. ప్రాణం పోయింది. ఆయన సోదరి ఎన్నేళ్ళో పోరాడింది. 2004లో బయటికొచ్చిన విచారణ నివేదిక అక్కడి ప్రభుత్వ మానసిక వైద్య వ్యవస్థలోనే జాతి వివక్ష పాతుకుపోయిందని చెప్పింది.

2010లో లండన్‌లో ఓలసేని లూయిస్ అనే 23 ఏళ్ళ యువకుడు తన ఇష్టంతోనే వైద్యానికి చేరాడు. అక్కడ పోలీసులు అదిమి పట్టుకోగా స్పృహ తప్పాడు, మళ్ళీ లేవలేదు. తల్లిదండ్రులు ఊరుకోలేదు. 2018లో మానసిక వైద్యశాలల్లో బలప్రయోగాన్ని కట్టడి చేసే చట్టం వచ్చింది. దాన్ని జనం ఆ కుర్రాడి పేరుతోనే 'సేనీ చట్టం' అంటారు. దాని వెనక ఒక తల్లీ తండ్రీ ఎనిమిదేళ్ళు పడ్డ కష్టం ఉంది.

ఇంతవరకు విన్నాక మీకు నిరాశ కలగవచ్చు. ఇప్పుడు మాకు ధైర్యమిచ్చిన సంగతి చెబుతాం. 1996లో స్టీవెన్ సీగల్, ఆయన సహచరులు కాలిఫోర్నియాలోని నాలుగు అత్యవసర మానసిక చికిత్సా కేంద్రాల్లో 442 మంది రోగులను గమనించారు. నల్లజాతి రోగులకు బలమైన మందులు ఎక్కువసార్లు, ఎక్కువ మోతాదులో ఇచ్చినట్టు తేలింది. అయితే ఇంకో సంగతి కూడా తేలింది. రోగితో మాట కలపడానికి, చికిత్సలో అతన్ని కలుపుకుపోవడానికి డాక్టర్ ఎక్కువ ప్రయత్నం చేసినచోట ఆ అధిక మోతాదు తగ్గింది. వినే ఓపిక పెరిగినచోట ఎక్కించే మందు తగ్గింది. రంగు మారలేదు, జబ్బు మారలేదు. చెవి పెట్టడం ఒక్కటే మారింది.

మన సభ్యుడి కథ ముగింపు కూడా ఇదే. యూనియన్ తరఫున మేమిద్దరం, ఆయన భార్య మళ్ళీ దవాఖానాకు పోయాం. మరాఠీ మీడియంలో చదువుకున్న మన సభ్యుడి బిడ్డ ఒకామె మాతో వచ్చింది. ఆ రోజు ఉన్న డాక్టర్ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టుకున్నాడు. "మీ నాయన వచ్చేది కలలోనా, మెలకువలోనా?" అని అడిగాడు. "కలలోనే సారూ, మెలకువలో ఎట్లొస్తడు?" అన్నాడు మనవాడు. డాక్టర్ కాసేపు మాట్లాడలేదు. తరువాత పాత మందు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చి ఆపేశాడు. నిద్రకు, దిగులుకు వేరే మందు రాశాడు. మూడు నెలలకు ఆయన మళ్ళీ సాంచాల మీదికొచ్చాడు. మొదటి డాక్టరును మేము తిట్టడం లేదు. తలుపు దాకా వరుస పెట్టి, ఒక్క డాక్టరును కూర్చోబెట్టి, భాష తెలిసినవాణ్ణి పెట్టని పద్ధతిని తప్పుపడుతున్నాం. అమెరికా నల్లజాతివారి చరిత్ర వేరు, ఊరొదిలి బట్ట నేయడానికి వచ్చిన మన చరిత్ర వేరు. ఆ రెంటినీ ఒక గాటన కట్టం. కానీ మూడు నిమిషాల గది అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

మన దేశంలో చట్టం మన వైపు కొంత ఉంది. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 మే 29 నుంచి అమలులో ఉంది. ఒక మనిషికి మానసిక వ్యాధి ఉందని తేల్చడానికి అతని ఆర్థిక, సామాజిక, రాజకీయ స్థితి గానీ, ఏ జాతికి, ఏ మతానికి చెందినవాడన్నది గానీ ఆధారం కాకూడదని అందులో ఉంది. చుట్టూ ఉన్న సమాజపు నైతిక, రాజకీయ విలువలకు, పని విలువలకు ఒదగకపోవడం కూడా ఆధారం కాకూడదని ఉంది. జాబర్ "పిచ్చోడు" అన్నంత మాత్రాన మనిషి పిచ్చోడు కాడు. రోగికి తన జబ్బేమిటో, ఏ చికిత్స చేస్తారో, దాని వల్ల వచ్చే ఇబ్బందులేమిటో తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు ఉందని కూడా ఆ చట్టం చెబుతోంది. తెలుగులో చెప్పమని అడగడం హక్కు. అది బతిమాలుకోవడం కాదు.

ఇక మనం చేయాల్సిన పనులు:

ఒకటి. మనసు బాగోలేని మనిషిని ఒంటరిగా దవాఖానాకు పంపవద్దు. రెండు భాషలూ బాగా వచ్చిన మనిషిని వెంట పంపాలి. చిన్నపిల్లల చేత ఈ పని చేయించవద్దు. కన్నతండ్రి గోడు పిల్లవాడి నోట చెప్పించడం న్యాయం కాదు. యూనియన్ ఆఫీసుకు కబురు చేస్తే మేము మనిషిని ఇస్తాం.

రెండు. డాక్టరును అయిదు మాటలు అడగాలి: జబ్బు పేరేమిటి? ఈ మందు దేనికి? ఎన్నాళ్ళు? ఒంట్లో ఏ తేడా కనబడితే వెంటనే రావాలి? ఇది వేసుకొని మిషన్ మీద పని చేయవచ్చా? ఈ చివరి ప్రశ్న మరవకండి. మత్తు వచ్చే మందుతో నడిచే మగ్గం పక్కన నిలబడితే వేళ్ళు పోతాయి.

మూడు. ఇది గట్టిగా చెబుతున్నాం. ఈ ప్రసంగం విని ఇంటికి పోయి గోలీలు చెత్తబుట్టలో వేయకండి. ఈ మందులు లక్షల మందిని నిలబెట్టాయి. ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. అనుమానం ఉంటే డాక్టర్ దగ్గరికే తిరిగి పోవాలి, ఆయన కాదంటే ఇంకో డాక్టర్ దగ్గరికి పోవాలి. సరైన మందు, సరైన మోతాదు కావాలని అడుగుతున్నాం. మందే వద్దని కాదు.

నాలుగు. 2022 అక్టోబర్ 10న ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోన్ సేవ ప్రారంభించింది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడవచ్చు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి నిద్ర పట్టక కూర్చున్నవాళ్ళు ఈ నంబరు గోడ మీద రాసుకోండి.

అయిదు. ఈ.ఎస్.ఐ. ఉన్నవారు గుర్తుంచుకోండి. తీవ్రమైన మానసిక వ్యాధి కూడా దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది. చందా షరతులు నిండితే కూలిలో 80 శాతం లెక్కన రెండేళ్ళ దాకా భత్యం దొరుకుతుంది. సిగ్గుపడి ఈ హక్కు వదులుకోకండి. కాగితాలు మేము నింపిపెడతాం.

ఆరు. మనం తెలుగువాళ్ళం వేల సంఖ్యలో ఉన్న ఈ ఊరిలో ప్రతి ప్రభుత్వ మానసిక వైద్య విభాగంలో తెలుగు తెలిసిన ఒక మనిషిని పెట్టాలని యూనియన్ డిమాండు చేస్తుంది. విజ్ఞాపన పత్రం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. పోయేటప్పుడు సంతకం చేసి పొండి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయండి, తప్పు లేదు.

చివరగా అక్కచెల్లెళ్ళకు ఒక మాట. ఇంట్లో మనిషి ముభావంగా ఉంటే ముందు కనిపెట్టేది మీరే. "దయ్యం పట్టింది" అనకండి, "నాటకాలాడుతున్నాడు" అనకండి. పక్కన కూర్చొని ఏమైందని అడగండి. చెప్పేదాకా ఆగండి. డాక్టర్ ఇరవై నిమిషాలు వినాలని అడిగే మనం మన ఇంట్లో పది నిమిషాలన్నా వినాలి కదా.

సాంచాల చప్పుడులో పక్కవాడి మాట వినబడదు, అందుకే మనం సైగలు నేర్చుకున్నాం. అలా నేర్చుకున్నవాళ్ళం మనసు మాట వినడం కూడా నేర్చుకోగలం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!